వంశాన్వేషణ – అకాడియనుల నిదర్శనము

వంశచరిత్ర రాజులకే గాని రైతులకు ఉండదని పలువురి భావన. అది సరికాదనడానికి అకాడియనుల చరిత్ర చక్కని నిదర్శనం.

వీరు 17వ శతాబ్దంలో ఫ్రాన్సు నుండి వచ్చి, నేడు కెనడాలో నోవాస్కోషియా అనబడే ప్రాంతంలో స్థిరపడిన రైతులు. 1671 నాటి జనగణనలో కుటుంబ సభ్యులు, పశువులు, సాగుభూమి నమోదైనవి. భార్యల పుట్టింటి పేర్లు సైతం వ్రాయబడుటచే తల్లివైపు వంశాన్ని కూడ గుర్తించగలుగుతున్నాము.

బేషరతుగా విధేయతా ప్రమాణం చేయనందున 1755లో బ్రిటిషు అధికారులు వీరిని దేశం నుండి వెడలగొట్టారు. కుటుంబాలు చెల్లాచెదరైనవి. అయినను గ్రాన్‌ప్రే వాసులు తమ చర్చి రిజిస్టర్లను వెంట గొనిపోయారు. 1707–1748 నాటి ఆ పుటలు అమెరికాలోని లూసియానా చేరి, నేడు బేటన్‌రూజ్ నగరంలో భద్రంగా ఉన్నవి. ఫ్రాన్సు చేరిన కొందరు 1767లో బెల్‌ఇల్ ద్వీపంలో తమ తాతముత్తాతల వివరాలను ప్రమాణపూర్వకంగా చెప్పి వ్రాయించారు. ఆ విధంగా జ్ఞాపకమే పత్రమైనది.

అయితే పత్రములన్నియు సూటిగా పలుకవు. 1720 దశకంలో లూసియానాలో స్థిరపడిన జర్మనుల పేర్లు ఫ్రెంచి వ్రాతల్లో రూపుమారినవి. జర్మను భాషలో కొమ్మ అను అర్థముగల ‘జ్వైగ్’ అనే ఇంటిపేరు అదే అర్థంతో ‘లాబ్రాంష్’ అయినది. కనుక పేరు ఒక్కటే చూచి నిర్ణయించరాదు. వివాహపత్రము, జ్ఞానస్నాన సాక్షులు, గ్రామము, తేదీ అన్నియు పోల్చి చూడవలెను.

సర్వమూ కోల్పోయిన ప్రజలు తమ పేర్లను కాపాడుకొన్నారు. పెద్దలు మనమధ్య ఉండగానే వారి మాటలను వ్రాసి ఉంచుట విద్యార్థులమైన మన కర్తవ్యం.