నీట్‌కు ముందు ఎన్‌సీసీ, పరిశోధన మానుకోవచ్చా?

ప్రశ్న: ప్రత్తిపాడు ప్రాంతపు ఇంటర్ విద్యార్థిని ఎన్‌సీసీలో ఉంటూ, మిరప కూలీలపై పురుగుమందుల ప్రభావం గురించి కళాశాల ప్రాజెక్టు చేస్తోంది. నీట్ కోసం వీటిని వదులుకుంటే ఎంబీబీఎస్ సీటు అవకాశం తగ్గుతుందా?

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి రాష్ట్ర కోటా ఎంబీబీఎస్ సీట్లను 720 మార్కుల నీట్‌లో వచ్చిన ర్యాంకు ఆధారంగానే భర్తీ చేస్తున్నందున, ప్రాజెక్టును ఆపినంత మాత్రాన గుంటూరు వైద్య కళాశాలలో సీటు అవకాశం తగ్గదు. ఎన్‌సీసీ సంగతి వేరు. సమాంతర రిజర్వేషన్ కింద, అంటే ప్రతి సామాజిక వర్గపు సీట్లలోనూ అంతర్భాగంగా, ఎన్‌సీసీ, క్రీడాకారులకు కొంత వాటా ఉంటుంది కనుక, ధ్రువపత్రం చేతికందే దశలో ఉంటే దానిని పూర్తిచేయడమే మేలు. అమెరికాలోని తెలుగు విద్యార్థులు మాత్రం అక్కడి కళాశాలల ప్రవేశానికి వాడే ఉమ్మడి దరఖాస్తులో 10 వరకు వ్యాపకాలను చూపవచ్చు కాబట్టి, ఆ నియమాలను ఇక్కడికి అన్వయించుకోరాదు.

పరిశోధనాసక్తిని చంపుకోనక్కరలేదు. భారత వైద్య పరిశోధన మండలి 1979లో ప్రారంభించిన స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన పథకం ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఏర్పడినదే. అయితే పనిదినాన సమయమిచ్చి కూలీలు చెప్పిన వివరాలు వృథా కారాదు. వాటిని గోప్యంగా భద్రపరచి, పని ఎంతవరకు వచ్చిందో రాసి, పర్యవేక్షక అధ్యాపకులకు అప్పగించిన తరువాతే తప్పుకోవడం భావి వైద్యురాలి ధర్మం.