మొదటి టెస్టులో పాజిటివ్ వస్తే

రోగి బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. "సిస్టర్, ఈ టెస్టు నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కరెక్టు అంటున్నారు. పాజిటివ్ వచ్చిందంటే జబ్బు తొంభై తొమ్మిది పాళ్లు ఉన్నట్టే కదా?" బాగా చదువుకున్నవారు కూడా ఇలాగే అడుగుతారు. నర్సింగు చదివే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ అది నిజం కాదు.

ఒకసారి ఐదో నెల గర్భిణిని వాళ్లమ్మ మా దగ్గరకు తీసుకువచ్చింది. బయట ఒక ల్యాబులో హెచ్.ఐ.వి. పాజిటివ్ అని కాగితం ఇచ్చారు. చేసింది ఒకే ఒక్క టెస్టు. ఆ కాగితం చూసి అత్తగారింట్లో ఆమెను పుట్టింటికి పంపేశారు. రెండు రోజులుగా ఆ అమ్మాయి అన్నం ముట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోండి. బియ్యంలో రాళ్లు ఏరడం మీకు తెలిసిందే. పెద్దావిడ ఒకరు ఏరుతున్నారు. ఆమె ఒక్క రాయిని కూడా వదలరు, కానీ కళ్లు సరిగా ఆనక అక్కడక్కడ మంచి గింజను కూడా రాయి అనుకొని తీసి పక్కన పెడతారు. రాళ్లు ఎక్కువగా ఉన్న బియ్యమైతే పక్కన పెట్టిన కుప్పలో దాదాపు అన్నీ రాళ్లే ఉంటాయి. శుభ్రమైన బియ్యమైతే ఆ కుప్పలో ఎక్కువ భాగం మంచి గింజలే! ఏరిన మనిషి ఒకరే. మారింది బియ్యం.

ఇప్పుడు మనుషులతో లెక్క వేద్దాం. శాతాలు వదిలేసి తలలు లెక్కపెట్టండి, సులువుగా ఉంటుంది. 2021 నాటి జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో వెయ్యికి సుమారు ఇద్దరికి హెచ్.ఐ.వి. ఉంది. అంటే 10,000 మందిలో 20 మంది. టెస్టు ఆ 20 మందినీ పట్టుకుంటుందనుకుందాం. మిగిలిన 9,980 మందిలో నూటికి ఒకరి విషయంలో పొరపాటు పడుతుందనుకుందాం. అలా సుమారు 100 మందికి జబ్బు లేకుండానే పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 120. అందులో నిజంగా ఉన్నవారు 20, అంటే ఆరుగురిలో ఒకరు.

జబ్బు ఉన్నవారిలో ఎందరికి పాజిటివ్ వస్తుంది అనేది ఒక ప్రశ్న. పాజిటివ్ వచ్చినవారిలో ఎందరికి జబ్బు ఉంది అనేది వేరే ప్రశ్న. రెండిటినీ ఒకటిగా కలిపేయడం వల్లే ఇళ్లలో గొడవలు వస్తున్నాయి.

అలాగని పాజిటివ్‌ను తేలిగ్గా తీసుకోకండి. భర్తకు హెచ్.ఐ.వి. ఉన్న భార్యల వంటి గుంపును తీసుకోండి. అటువంటి 10,000 మందిలో 2,000 మందికి ఉందనుకుంటే, ఆ 2,000 మందికీ పాజిటివ్ వస్తుంది. పొరపాటున వచ్చేవారు 80 మందే. అక్కడ అదే టెస్టు, అదే పాజిటివ్ దాదాపు నిజమే అవుతుంది.

అందుకే ఏ లక్షణాలూ లేని మనిషికి మొదటి టెస్టులో పాజిటివ్ వస్తే, ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రాల్లో వేరే రకం కిట్లతో ఇంకో రెండు టెస్టులు చేస్తారు. పక్కన పెట్టిన కుప్పను మరొకరు మళ్లీ ఏరినట్టన్నమాట. పై లెక్కలోని 120 మందికి రెండో టెస్టు చేస్తే 20 మందికి నిజంగా, ఒకరికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. చూడండి, ఆరుగురిలో ఒకరు ఉన్నది కాస్తా 21 మందిలో 20 అయింది! మూడో టెస్టు ఆ ఒక్కరి సంగతి కూడా తేలుస్తుంది. కిట్టు వేరే రకంది కావాలి. అదే కిట్టుతో చేస్తే అదే పొరపాటు మళ్లీ రావచ్చు.

ఆ అమ్మాయికి తర్వాతి రెండు టెస్టుల్లోనూ నెగెటివ్ వచ్చింది. భర్తను పిలిపించి, ఈ బియ్యం కథే చెప్పాను. ముందు నమ్మలేదు. కాగితం మీద 10,000 రాసి, తీసివేతలు చేసి చూపించాక తల దించుకున్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్టు వస్తే ఎన్ని టెస్టులు చేశారో ముందు అడగండి. ఒకటే అయితే నలుగురికీ చెప్పకండి, ఎవరినీ నిందించకండి, ఐ.సి.టి.సి.కి తీసుకువెళ్లండి. అక్కడ టెస్టుకు డబ్బు తీసుకోరు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. గర్భిణి అయితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. నిజంగా ఉన్నట్టు తేలితే మందులు వెంటనే మొదలుపెడతారు, బిడ్డకు సోకకుండా చాలామటుకు కాపాడవచ్చు.