కురుమూర్తి ఉద్దాలు – శ్రీపాద సేవా మహిమ

ఆలయమునకు వెళ్ళిన ప్రతి భక్తుడును తీర్థము స్వీకరించి, శఠారి కొరకు శిరస్సు వంచును. శఠారిపై భగవంతుని పాదముద్రలుండును. అర్చకస్వామి దానిని మన తలపై ఉంచినపుడు సాక్షాత్తు స్వామి తిరువడులే మన శిరస్సును స్పృశించినవని భావించి ధన్యుల మగుచున్నాము. ఈ శ్రీపాద స్పర్శను లోహపు శఠారితోనే గాక, తోలుతో కుట్టిన పాదుకలతో కూడ అనుగ్రహించు దివ్యక్షేత్ర మొకటి పాలమూరు సీమలో కలదు. అదియే కురుమూర్తి. అచటి ఉద్దాల ఉత్సవము కేవలము ఒక ప్రాంతీయమైన వేడుక కాదు. అందు శ్రీవైష్ణవ సిద్ధాంత సారము ఇమిడియున్నది.

క్షేత్రము

మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలములో, అమ్మాపురము గ్రామ సమీపమున కురుమూర్తి కొండ లున్నవి. సికింద్రాబాదు నుండి కర్నూలు వైపు పోవు రైలుమార్గములో ఈ స్వామి పేరనే ఒక స్టేషను కలదు. శ్వేతాద్రి, ఏకాద్రి, కోటగట్టు, ఘనాద్రి, భల్లూకాద్రి, పతగాద్రి, దైవతాద్రి అని ఇచటి కొండలు ఏడు. తిరుమలకు సప్తగిరు లున్నట్లే ఈ స్వామికిని సప్తగిరు లున్నవి. బండరాళ్ళ నడుమ గుహలో స్వామి స్వయంభువుగా వెలసి యున్నాడు. దూరప్రయాణమునకు శక్తి చాలని రైతులు, కూలీలు ఇచటనే మ్రొక్కులు చెల్లించుకొందురు. అందుచేత దీనికి పేదల తిరుపతి యను పేరు వచ్చినది.

స్థలపురాణము

శ్రీనివాసుడు పద్మావతీ పరిణయమునకై కుబేరుని యొద్ద ఋణము చేసిన కథ లోకవిదితమే. ఆ ఋణము తీర్చుట దుర్ఘటము కాగా స్వామి తిరుమలను వీడి ఉత్తరదిశగా నడచి కృష్ణాతీరమునకు వచ్చెనని ఇచటి పెద్దలు చెప్పుదురు. స్వామి నదిలో స్నానమాడి బయలుదేరునప్పుడు ఆయన సుకుమార పాదములు కందియుండుట చూచి కృష్ణవేణి తల్లడిల్లి పాదుకలను సమర్పించినదట. వానిని ధరించి స్వామి ఈ కొండలకు చేరెను. ఇచట కొంతకాలము విశ్రమింపుమని లక్ష్మీదేవి కోరగా స్వామి సమ్మతించెను. తిరిగి తిరుమలకు పోవునపుడు తమ ప్రతిరూపములను ఇచట నిలిపి పోయినారని కథ. ‘కురు’ అనగా చేయుము, ‘మతి’ అనగా తలపు. అమ్మవారి కోరికను మన్నించి స్వామి నిలిచిన చోటు గనుక కురుమతి అయినదనియు, అదియే కురుమూర్తిగా మారినదనియు పెద్దల నిర్వచనము.

ఈ కథలో ఒక విశేషము గమనింపదగినది. ఇచట స్వామి గరుడవాహనముపై రాలేదు. అప్పులపాలైన సంసారి వలె కాలినడకను వచ్చినాడు. పంట పండక, ఋణము తీరక, పని వెదకుకొనుచు ఊరు విడిచిపోవుట పాలమూరు ప్రజలు తరతరములుగా ఎరిగిన కష్టము. తమ కష్టమును తానును పడిన దేవుని వారు ఈ కొండపై చూచుకొనుచున్నారు. నడచి వచ్చిన దేవునికి మొదట కావలసినది కిరీటము కాదు, పాదరక్ష.

బ్రహ్మోత్సవములు

దీపావళి అమావాస్య గడచిన మరునాడు, అనగా కార్తిక శుద్ధ పాడ్యమి నుండి స్వామికి బ్రహ్మోత్సవములు ప్రారంభమగును. అందు మూడు సమర్పణములు ముఖ్యమైనవి.

మొదటిది ఆభరణములు. ఈ క్షేత్రమునకు ఆత్మకూరు, అమరచింత సంస్థానమును పాలించిన ముక్కెర వంశీయులతో పూర్వకాలము నుండి సంబంధము కలదు. ఆత్మకూరులో భద్రపరచిన స్వామివారి ఆభరణములను ఊరేగింపుగా కొండకు తెచ్చి స్వామికి అలంకరింతురు. సంస్థానములు పోయినవి గాని ఈ సంప్రదాయము పోలేదు.

రెండవది వస్త్రములు. అమరచింత పద్మశాలీలు భక్తితో పట్టువస్త్రములను సమర్పింతురు.

మూడవది ఉద్దాలు. పాదుకలనే ఇచట ఉద్దాలందురు. సమీపమున ఉన్న వడ్డేమాను గ్రామములో మాదిగ కులస్థులైన చర్మకారులు దీపావళి అమావాస్య నుండి నియమ నిష్ఠలతో ఉపవాస ముండి, స్వామి పాదములకు తగిన పెద్ద ఉద్దాలను తోలుతో కుట్టుదురు. శుద్ధ సప్తమి నాడు అవి సిద్ధమగును. పూజలు జరిగిన పిదప మంగళవాద్యములతో, గోవింద నామములతో, ఊకచెట్టు వాగు మీదుగా ఉద్దాలు బయలుదేరును. త్రోవపొడవునను జనులు బారులు తీరి నిలిచి, కొబ్బరికాయలు కొట్టి మ్రొక్కుదురు. ఈ జాతరలో లక్షలాది జనము కూడు దినము ఇదియే. ఉద్దాలు కొండకు చేరిన పిమ్మట వానిని ఉద్దాల మండపమున ఉంచుదురు. అచట సేవ చేయువారును ఆ కులము వారే. భక్తు లొక్కొక్కరుగా వచ్చి తలవంచి నిలువగా, వారి శిరస్సులకు ఆ ఉద్దాలను తాకింతురు. పాపములు తొలగును, పీడలు పోవును అని ప్రజల విశ్వాసము.

ఇప్పుడు ఈ మూడింటిని పోల్చి చూడుడు. ఆభరణములు అమూల్యములు, కాని మనము వానిని దూరము నుండి చూడగలము గాని తాకలేము. పట్టువస్త్రములు స్వామి తిరుమేనికే చెల్లును. రాజు మొదలు కూలివాని వరకు ప్రతివాని తలపైకి వచ్చునది ఉద్దాలొక్కటియే. పల్లెకు వెలుపల నివసింపజేయబడిన వారి చేతిపనియే అందరి తలలకు ఎక్కినది!

పాదుకా ప్రభావము

ఇది పల్లెవారి మూఢవిశ్వాసమని తలపరాదు. రామాయణమున భరతుడు రామపాదుకలను శిరస్సున ధరించి తెచ్చి, నందిగ్రామమున వానిని సింహాసనమున నిలిపి 14 సంవత్సరములు రాజ్యభారము వహించెను. వేదాంతదేశికులు శ్రీరంగనాథుని పాదుకలను 1008 శ్లోకములతో పాదుకాసహస్రమున కీర్తించిరి. అలిపిరిలో పాదాల మండపము వద్ద భక్తులు స్వామి పాదుకలను తలపై పెట్టుకొని ప్రదక్షిణము చేయుట నేటికిని చూడవచ్చును. స్వామి రాత్రివేళ కొండ దిగి సంచరించుటచే పాదరక్షలు అరిగిపోవుననియు, చర్మకార భక్తులు క్రొత్తవి కుట్టి సమర్పింతురనియు ఆ సీమలో జనులు చెప్పుకొందురు.

అంతకంటె లోతైన విషయ మొకటి కలదు. మన సంప్రదాయమున పాదుక యనగా కేవలము వస్తువు కాదు, భక్తుడు. భగవంతుని పాదుకలే నమ్మాళ్వారులని పూర్వాచార్యుల భావము. ఆయనకు శఠారి, శఠకోపుడు అని పేర్లుండుట చేతనే ఆలయములలో పాదుకకు ఆ పేరు వచ్చినది. నమ్మాళ్వారుల పాదుకలు రామానుజులు. రామానుజుల పాదుకలు ముదలియాండాన్, అనగా దాశరథి. ఈ విధముగా ఒకరి తిరువడి మరియొకరై గురుపరంపర సాగినది. నమ్మాళ్వారులు వేళాళ కులమున జన్మించిరి. నిత్యము శఠారిని శిరసావహించు వేదపండితు లెవ్వరును ఆయన కులమును అడుగరు.

తిరుప్పాణాళ్వారుల చరిత్రయును ఇట్టిదే. పాణర్ కులమున పెరిగిన ఆ మహాభక్తుడు శ్రీరంగము చేరువలో కావేరి ఒడ్డున నిలిచి దూరము నుండియే స్వామిని గానము చేసెడివాడు. త్రోవ తొలగలేదని ఆయనపై రాయి రువ్విన లోకసారంగ మునియే, స్వామి ఆజ్ఞచే ఆయనను భుజములపై నెక్కించుకొని గర్భాలయమునకు తీసికొనిపోవలసి వచ్చెను. ఆ ఆళ్వారులు అచట పాడిన పది పాశురములలో మొదటిది శ్రీపాదములను గూర్చినదే. తలయెత్తి చూచుటకంటె ముందు తిరువడులను పట్టుటయే ప్రపన్నుని లక్షణము.

కురుమూర్తిలో జరుగుచున్నది ఈ చరిత్రయే. ఆళ్వారులను మోసినది ఒక్క ముని. ఉద్దాలను శిరస్సున మోయుచున్నది ఒక సీమ ప్రజ అంతయు.

మన కర్తవ్యము

అయిన నొక ప్రశ్న మిగిలియున్నది. ఉద్దాలకు తలవంచిన మనము వానిని కుట్టినవానికి మన గడపలో స్థానమిచ్చుచున్నామా? 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించినది. అంతకు ఎన్ని ఏండ్ల పూర్వమో ఈ కొండపై స్వామి దానిని నిషేధించెను. శాసనమునకు భయపడి మానుట వేరు, స్వామి సంకల్పమని గ్రహించి మానుట వేరు. సప్తమి నాడు కొండపై శిరసావహించి, అష్టమి నాడు ఊరిలో దూరముగా నిలుపు భక్తి, స్వామి పాదుకను తలపై నుంచుకొని దాని మహిమను మరచు భక్తియే యగును. భాగవతాపచారము భగవదపచారము కంటె గొప్ప దోషమని మన ఆచార్యులు హెచ్చరించిరి గదా!

కావున కార్తికమాసమున కురుమూర్తికి వెళ్ళు యాత్రికులు గుహలోని స్వామిని సేవించి, ఉద్దాల మండపమున శిరస్సు వంచుదురు గాక. వాని నందించు చేతులకును మనసులో అంజలి ఘటింతురు గాక. ఋణగ్రస్తుడై నడచి వచ్చిన ఆ స్వామి పాదములకు రక్ష కల్పించినవారు సామాన్యులు కారు. వారి సేవకు మన గృహములలోను, గ్రామములలోను తగిన గౌరవము లభించిననాడే మన తలపై ఉద్దాల స్పర్శ సఫలమగును. శ్రీ కురుమూర్తిస్వామి మనకట్టి సద్బుద్ధిని ప్రసాదించుగాక!