అక్విడెక్టు మీద నీళ్లకీ సెలవుంది

సమస్య:

మాది కొత్తపేట దగ్గరండి. పన్నెండేళ్లుగా టిఫిన్ హోటల్ నడుపుతున్నాం. కౌంటర్ నేను చూసుకుంటాను, వంట మా ఆవిడ. తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగిస్తుంది, రాత్రి పదింటికి మర్నాటి పిండి రుబ్బి పడుకుంటుంది. ఈమధ్య పని మీద బొత్తిగా ధ్యాస ఉండటం లేదు. పెనం ముందు నించునే కునికిపాట్లు పడుతోంది. మొన్న పెసరట్టు మాడిస్తే, రోజూ వచ్చే మాస్టారు ప్లేటు వెనక్కి పంపేశారు. ఇదేమిటంటే, ‘భీష్మ ఏకాదశికి అంతర్వేది వెళ్లి, సఖినేటిపల్లిలో అమ్మ దగ్గర నాలుగు రోజులు పడుకుంటాను’ అంటోంది. మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. ఆర్డర్లు ఒప్పేసుకున్నాను. పనికుర్రాళ్లిద్దరికీ వారానికో సెలవు ఇవ్వకపోతే మానేస్తారు, కాబట్టి వాళ్లనేమీ అనలేను. డొక్కా సీతమ్మ గారంతటావిడే అంతర్వేది బయలుదేరి, ఆకలిగొన్నవాళ్ల కోసం దారిలోంచి వెనక్కి వచ్చేశారు కదా, నీకేమొచ్చిందని అడిగాను. రెండు రోజులుగా మాటల్లేవు. ఆవిడకి నచ్చజెప్పే దారి చెప్పండి.

— ఒక హోటల్ యజమాని

సలహా:

నచ్చజెప్పాల్సింది ఆవిడకి కాదు నాయనా. మీ ఉత్తరం పక్కన పెట్టేసినదాన్నే, సీతమ్మ గారి పేరు కనబడి మళ్లీ తీశాను.

ఆవిడ కథ సగమే చెప్పి భార్య నోరు మూయించారు మీరు. పెళ్లివారి ఆకలి చెవిన పడి వెనక్కి తిప్పమన్నది సీతమ్మ గారేనని చెప్పుకుంటారు, ఆవిడ భర్త జోగన్న గారు కాదు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకి ఆ దంపతులు అన్నం పెట్టారు, డబ్బు పుచ్చుకోలేదు. భర్త గల్లాపెట్టె దగ్గర కూర్చుని ‘వెళ్లడానికి వీల్లేదు’ అన్న కథ నేనెక్కడా వినలేదు. 1909లో కన్నుమూసిన ఆ తల్లి పేరు మీ పెళ్లి ఆర్డర్ల కోసం వాడుకోకండి.

చేయాల్సినవి మీకు తెలియనివి కావు. నాలుగు రోజులకి వంటమనిషిని మాట్లాడుకోండి. దొరక్కపోతే ఇడ్లీ, ఉప్మాతో సరిపెట్టండి. అదీ కుదరకపోతే బోర్డు పెట్టి తలుపులేయండి. మాస్టారు నాలుగు రోజులు ఇంట్లో తింటారు. ఇక ఆ మాడిన అట్టంటారా, అది ధ్యాస లేక మాడలేదు, నిద్ర లేక మాడింది. పదింటికి పిండి రుబ్బి మూడింటికి లేచే మనిషికి నిద్ర ఎన్ని గంటలో వేళ్ల మీద లెక్కపెట్టండి. అట్టుతో పోయింది, పక్కనే గారెల మూకుట్లో నూనె మరుగుతూ ఉంటుంది.

నన్ను కుదిపింది మాత్రం ఆ కుర్రాళ్ల సెలవు సంగతి. ఇవ్వకపోతే మానేస్తారు కాబట్టి ఇస్తున్నారు. ఈవిడ మానేయదు కాబట్టి ఇవ్వడం లేదు. మీ ఒక్కరిదే కాదు ఈ లెక్క, మన ఇళ్లన్నీ ఇలాగే నడుస్తున్నాయి. విసురుగా మాట్లాడే అల్లుడికి మర్యాద, నోరులేని కోడలికి చాకిరీ. పోతాడనుకున్నవాడికి విశ్రాంతి, ఎక్కడికీ పోదనుకున్న మనిషికి పని. అమ్మ మంచాన పడితే తప్ప ఆవిడకి నడుంనొప్పి ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. జ్వరమొస్తేనే దొరికే సెలవు ఒక సెలవా?

పి.గన్నవరంలో సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడెక్టు మీరు చూసే ఉంటారు. దాని మీద పారే నీళ్లకి కూడా ఏటా సెలవుంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, గట్లు చూసుకుంటారు, మళ్లీ సార్వాకి వదులుతారు. గోదావరి ఎండిపోయి కాదు ఆ కట్టడం, వచ్చే పంటకి నీళ్లు సాఫీగా పారాలని. కాలువ కట్టారని ఏ రైతూ కాలువకి బద్ధకమనడు.

ఇంకో రకం సెలవూ మీ సీమ చూసింది. 2011 ఖరీఫ్‌లో, గిట్టుబాటు ధర లేక, కూలీలు దొరక్క, మురుగు కదలక, చెప్పీ చెప్పీ విసిగిన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేల ఎకరాలు నాట్లు లేకుండా ఉండిపోయాయి. అప్పుడుగానీ ప్రభుత్వం కారణాలు కనుక్కోమని మోహన్ కందా గారి కమిటీని వేయలేదు. ఏటా కాలువ కట్టడం ముందే అనుకుని చేసేది. పంట విరామం వినేవాడు లేక వచ్చిపడింది. మీ ఆవిడ ఇప్పుడు కాలువ కట్టమంటోంది. ఆ రెండు రోజుల మౌనం చూస్తుంటే రెండోదానికి ఎంతో దూరం లేదనిపిస్తోంది.

అంతర్వేది పంపండి. వచ్చాక వారానికో రోజు హోటల్ కట్టేయండి, ఆ రోజు ఇంట్లో పొయ్యి మీరు వెలిగించండి. ఒక్కమాట: వెళ్లేముందు నాలుగు రోజుల పచ్చళ్లూ పొడులూ ఆవిడ చేత చేయించుకోకండి, తిరిగొచ్చేసరికి తోమాల్సిన గిన్నెలు గుట్టపోసి ఉంచకండి. అలాంటిదాన్ని సెలవనరు, అప్పంటారు.