ప్రాణము నిలిపిన ద్రావణము

ఉప్పును నీటిలో వేసి కలిపినచో అది కనుమరుగగును, కాని నశింపదు. నీటి అణువులు ఉప్పులోని సోడియము, క్లోరైడు అయానులను విడదీసి పాత్రయంతటను సమముగా వ్యాపింపజేయును. ఇట్టి సమమిశ్రమమే ద్రావణము. అందలి ప్రతి గ్రుక్కలోను ఉప్పుపాలు ఒక్కటియే.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలమున, పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలెను. సిరలలోనికి ఎక్కించు సెలైను చాలకపోయెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పును, గ్లూకోజును, వంటసోడాను నీటిలో కరగించి రోగులచే త్రాగించెను. ప్రేవులలో గ్లూకోజు తోడుకాగా ఉప్పు, దానివెంట నీరు రక్తమున చేరెను. నూటికి 30 వరకు ఉండిన మరణములు 4కు లోపునకు తగ్గెను.

ఇట్టి పొడి నేడు పొట్లములుగా లభించుచున్నది. కొలత తప్పినచో మేలు కలుగదు. కావున పొట్లమంతయు, దానిపై సూచించిన కొలత శుభ్రమైన నీటిలో, పలుకు మిగులకుండ కరగింపవలెను.