బంగీ పోవు దారి: కొరియరు ఏర్పాటును గూర్చి మన సంఘములు తెలిసికొనవలసినది

గత మాఘమాసములో మా సంఘము నుండి యానాములోని ఒక కుటుంబమునకు పద్నాలుగు పెండ్లి చీరలు కొరియరులో పంపితిమి. సేలము నుండి యానామునకు అయిదు రోజులు చాలునని మా లెక్క. బంగీ చేరినది పదమూడవ రోజున. అప్పటికి పెండ్లి జరిగి, పందిరి కూడ విప్పివేసినారు. చీరలు తమకిక అక్కరలేదని ఆ యింటివారు చెప్పినారు; వారిని తప్పు పట్టుటకు లేదు. మేము మొదట కొరియరు వారి మీద మండిపడితిమి. పిమ్మట రసీదు నంబరు పట్టి ఆ బంగీ ఏయే ఊళ్లు తిరిగినదో చూచుకొనగా, తప్పు మాదేనని తేలినది. అది ఎట్టి తప్పో తెలియవలెనన్న ముందు ఈ కంపెనీలు సరకును ఎట్లు ఎత్తుకొనిపోయి ఎట్లు బట్వాడా చేయుచున్నవో తెలియవలెను.

మనము కొట్టులో బంగీ ఇచ్చినచో అది తిన్నగా చేరవలసిన ఊరికి బయలుదేరునని మనలో చాలమంది అనుకొనుచున్నారు. అట్లు జరుగదు. ఒక కంపెనీకి ఇరువది ఊళ్లలో కొట్లున్నవనుకొనుడు. ప్రతి ఊరి నుండి ప్రతి ఊరికి నేరుగా బండి నడపవలెనన్న 190 దారులు కావలెను. వానిలో అనేక దారులలో రోజుకు ఒక్క బంగీ అయినను ఉండదు. అట్లు గాక, నడుమ ఒక పెద్ద పట్టణమును కేంద్రముగా పెట్టుకొని, అన్ని ఊళ్ల సరకును సాయంకాలము అక్కడికి పంపి, రాత్రి వేరుచేసి, తెల్లవారకమునుపే ఎక్కడిదక్కడికి పంపినచో ఇరువది దారులే చాలును. ప్రతి బండియు నిండుగా నడచును. పోచంపల్లి వైపు బంధువులున్నవారు ఆసు పోయుట చూచియుందురు. దారము ఒక కొననున్న మేకు నుండి బయలుదేరి, అర్ధచంద్రాకారముగా ఉన్న మేకులలో ఒకదానిని చుట్టి, మరల మొదటి మేకునకే వచ్చి, తరువాతి మేకునకు పోవును. కొరియరు ఏర్పాటునకు ఇంతకంటె మంచి బొమ్మ మాకు దొరకలేదు.

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపి చూపినవారిలో అమెరికాలోని ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ వారు ప్రసిద్ధులు. 1973 ఏప్రిల్ 17వ తేదీన మెంఫిస్ నగరమును కేంద్రముగా పెట్టుకొని, 14 చిన్న విమానములతో 25 నగరములకు 186 బంగీలు పంపి వ్యాపారము ఆరంభించిరి. పొరుగు పట్టణమునకు పోవలసిన బంగీ కూడ మెంఫిస్ పోయి రావలసినదే. వినుటకు వింతగా నుండును గాని లెక్కకు అదే గిట్టుబాటు. కాబట్టి మన బంగీ ఇరువది మైళ్లలోనున్న ఊరికి పోవుటకు నూరు మైళ్లు తిరిగినదని తెలిసినప్పుడు కోపగించుకొనవద్దు.

ఇక సరకు ఎత్తుకొను సంగతి. పికప్ కుర్రవానికి రోజూ ఒకే వాడుక దారి, ఒకే వేళ యుండును. అతడు మధ్యాహ్నము బయలుదేరి, సాయంకాలము బ్రాంచికి చేరి, తూకము వేయించి, చీటీ అంటించి సంచులకెత్తును. అక్కడి నుండి కేంద్రమునకు పోవు బండికి ఖచ్చితమైన వేళ గలదు. ఆ బండి పోయిన పావుగంటకు మీరు బంగీ ఇచ్చినను కొట్టువారు సంతోషముగా పుచ్చుకొని రసీదు ఇత్తురు. కాని ఆ బంగీ మరునాటి సాయంకాలము వరకు అక్కడనే పడియుండును. మా సంఘములో నేతగాండ్రు చీరలు తెచ్చి అప్పగించునది సాయంకాలము. మడతలు, మూటలు దీపములు పెట్టిన తరువాత. ఈ అలవాటు చేత ఏళ్ల తరబడి ప్రతి బంగీకి ఒక రోజు నష్టపోయితిమని మాకు ఈ మధ్యనే తెలిసినది. ఇప్పుడు ముందునాటి చీరలను ఉదయముననే కట్టి, రెండు గంటలకు సిద్ధముగా ఉంచుచున్నాము. మీ ఊరిలో ఆ బండి వేళ ఎంతయో కొట్టువానిని అడిగి, గోడ మీద వ్రాసి పెట్టుకొనుడు.

ఆ కొట్టు చాలచోట్ల కంపెనీది కాదు. మన ఊరి మనిషే కంపెనీ పేరు పెట్టుకొని కమీషను మీద నడుపును. 1990లో బెంగుళూరులో ఆరంభమైన డి.టి.డి.సి. వంటివి ఇట్టి ఏజెన్సీల మీదనే దేశమంతటను వ్యాపించినవి. చేర్చవలసిన ఊరిలోని ఏజెంటు వేరొకడు. బంగీ ఆలస్యమైనప్పుడు ఇచ్చటి ఏజెంటుతో గంటలకొలది వాదించుటకంటె, రసీదు నంబరుతో కంపెనీకి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయుట మేలు. ఆ రసీదు వెనుక సన్నని అక్షరములలో నష్టపరిహారము ఇంతకు మించి ఇయ్యమని వ్రాసి యుండును. విలువైన పట్టు పంపునప్పుడు అది చదివి, భీమా విడిగా చేయించవలెను. సరకు విలువ 50,000 రూపాయలు దాటినచో ఈ-వే బిల్లు సంగతి కూడ చూచుకొనవలెను.

బంగీ ఒక్కొక్క మజిలీలో ఒకసారి దింపబడి ఒకసారి ఎక్కింపబడును. అయిదు మజిలీలున్నచో పది మార్లు చేతులు మారును. ఎవరును దానిని పసిపిల్లవలె ఎత్తరు. లోపల ప్లాస్టిక్ చుట్టవలెను. బయటి చీటీ చినిగినను పనికివచ్చునట్లు, విలాసము వ్రాసిన బిల్లు నకలు లోపల కూడ వేయవలెను.

తూకములో ఒక మర్మము గలదు. బండిలో చోటు ఎంత ఆక్రమించునో దానిని బట్టి కూడ రుసుము కట్టుదురు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణముగా 5,000తో భాగింతురు. ఈ భాజకము ఒప్పందమును బట్టి మారవచ్చును. ఆ వచ్చిన సంఖ్య, అసలు తూకము, ఈ రెంటిలో ఏది ఎక్కువో దానికి డబ్బు. మేము ఒక్కొక్క చీరకు ఒక అట్టపెట్టె చొప్పున పెట్టి, 50, 40, 30 కొలతల పెద్ద పెట్టెలో పంపుచుంటిమి. తూకము ఏడు కిలోలు. పట్టిన రుసుము పన్నెండు కిలోలకు. చిన్న పెట్టెలను విప్పి, మడతలుగా విడిగా పంపి, చీరలు ఒత్తుగా పేర్చగా 40, 30, 25 కొలతల పెట్టె సరిపోయినది. లెక్కకు ఆరు కిలోలే వచ్చినందున ఇప్పుడు అసలు తూకమునకే చెల్లించుచున్నాము.

బట్వాడాయే అన్నిటికంటె ఖర్చుతో కూడిన భాగము. కేంద్రము వరకు వేయి బంగీలు ఒకే లారీలో పోవును. చివర ఒక్కొక్క గడపకు ఒక మనిషి పోవలెను. తాళము వేసి యున్నచో మరునాడు మరల పోవలెను. అందుచేత ఫోను నంబరు లేని విలాసమును వారు వెనుకకు నెట్టుదురు. సరకు ఇచ్చి సొమ్ము వసూలు చేయు పద్ధతి మనకు క్రొత్త కాదు. తపాలా శాఖ 1877లోనే వి.పి.పి. ప్రవేశపెట్టినది. ఈ పద్ధతిలో పుచ్చుకొనువారు వద్దన్నచో పోనురాను రుసుములు పంపినవారి నెత్తిననే పడును. కనుక క్రొత్త ఖాతాదారు వద్ద కొంత బయానా పుచ్చుకొనకుండ పంపుట మేము మానివేసితిమి.

ఇక యానాము సంగతి. 1972 ఆగష్టు 15న వచ్చిన పిన్ కోడులో ఆరు అంకెలు గలవు. మొదటిది మండలము, రెండవది ఉపమండలము, మూడవది సరకు వేరుచేయు జిల్లా, చివరి మూడు తపాలా కార్యాలయము. కొరియరు కంపెనీలు కూడ సాధారణముగా ఈ అంకెలనే చూచి సంచి నిర్ణయింతురు. ఊరి పేరు చదువు తీరిక వారికి లేదు. ఈ అంకెలు బంగీ పోవు దారిని చెప్పునవి గాని ఏలుబడిని చెప్పునవి కావు. యానాము పుదుచ్చేరి ప్రభుత్వము క్రిందిదే అయినను కాకినాడ సమీపమున నున్నది. దాని పిన్ 533464. మా గుమాస్తా యానాము, పుదుచ్చేరి అని వ్రాసి, పుదుచ్చేరి పట్టణపు 605001 వేసినాడు. మా నుండి కొన్ని గంటల దూరములోనున్న ఆ పట్టణమునకు చీరలు మరునాడే చేరినవి. అక్కడ ఆ వీధి లేదు, ఆ మనిషి లేడు. నాలుగు రోజులు అక్కడ నిలిచి, మరల కేంద్రమునకు తిరిగివచ్చి, పిమ్మట ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినవి.

ఆ పద్నాలుగు చీరలలో తొమ్మిది తరువాత అమ్ముడుపోయినవి. అయిదు ఇంకను బీరువాలో ఉన్నవి. గుమాస్తాను ఏమియు అనలేదు, ఏలననగా ఆ విలాసముపై సంతకము చేసినది మేమే. మా ఖాతాదారుల పుస్తకమంతయు తిరుగవేసి పిన్ కోడులు సరిచూడగా మరి మూడు తప్పులు దొరికినవి. వానిలో ఒకటి షోలాపూరులోని మా పాత ఖాతాదారుది.