పాత కుట్టు మిషను స్క్రూ: కొలిచాకే బిగించండి

పలాస-కాశీబుగ్గలోనో, టెక్కలిలోనో, ఉద్దానం ఊళ్లలోనో కుట్టు మిషన్లు బాగుచేసే వారికి తెలిసిన బేరమే ఇది. "పాదం బిగించే స్క్రూ పోయింది, ఏదో ఒకటి వేసియ్యండి" అంటారు. ఆ 'ఏదో ఒకటి' దగ్గరే నష్టం మొదలవుతుంది.

పాత సింగర్ మిషన్లు, వాటి నమూనాలో చేసినవి అంగుళాల లెక్కలో తయారయ్యాయి. మన దేశం 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ బాట పట్టింది. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో చేతికొచ్చేవి ఎక్కువగా మిల్లీమీటరు స్క్రూలే. పైగా కుట్టు మిషన్ల త్రెడ్లు మామూలు అంగుళం స్క్రూలకూ కలవవు. తరచుగా కనిపించే సైజు 9/64 అంగుళం మందం, అంగుళానికి 40 త్రెడ్లు. అంటే 3.57 మి.మీ. మందం, 0.635 మి.మీ. పిచ్ (ఒక త్రెడ్ కొన నుంచి తర్వాతి త్రెడ్ కొనకి దూరం). మెట్రిక్‌లో 3.5 మి.మీ. స్క్రూ పిచ్ 0.6. చూపుకి రెండూ ఒకటే. 9/64 రంధ్రంలో మెట్రిక్ స్క్రూ మొదటి చుట్లు హాయిగా ఎక్కి, తర్వాత పట్టేస్తుంది. అక్కడ బలం పెడితే మిషను లోపలి త్రెడ్ అరిగిపోతుంది.

అందుకే ముందు కొలత.

మందం: వెర్నియర్‌తో త్రెడ్ల అంచుల మీద చూడండి. 3.5కి కాస్త పైన ఉంటే 9/64, 4.3 దాటితే 11/64, 4.7 దాటితే 3/16 అని అనుమానించండి. అరిగిన స్క్రూ కొంచెం తక్కువ చూపిస్తుంది.

పిచ్: పిచ్ గేజి ఉంటే మేలు. లేకపోతే మొదటి త్రెడ్ కొన నుంచి ఆరో త్రెడ్ కొన దాకా కొలవండి. 3.18 మి.మీ. వస్తే అంగుళానికి 40, 3.0 వస్తే మెట్రిక్ 0.6, 3.5 వస్తే 0.7. ఇంత చిన్న తేడాను కంటికి వదలకండి. సైజు తెలిసిన స్క్రూని పక్కన ఆనించి వెలుతురుకి పట్టండి. సందు కనిపించకపోతే పిచ్ ఒకటే.

ఆకారం: పొడవు, తల, తల కింద త్రెడ్ లేని భాగం, మొన చదునా కోసా అన్నవి కూడా కలవాలి.

కొత్త స్క్రూని వేళ్లతోనే తిప్పండి. మూడు నాలుగు చుట్లు తేలిగ్గా వెళ్తేనే స్క్రూ డ్రైవర్ పట్టండి.

సముద్రం ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకున్న స్క్రూకి తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి ఉంచండి. గాడి నిండా పట్టే స్క్రూ డ్రైవరే వాడండి. కొబ్బరి ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె పోయకండి. చలికాలంలో గడ్డకడుతుంది, తర్వాత జిగురై లోపలి భాగాలను పట్టేస్తుంది. మిషను నడవడానికి మిషను నూనెకి మించింది లేదు.

స్క్రూ దొరకకపోతే అదే మోడల్ పాడుపడిన మిషనులోంచి తీయడం మొదటి దారి. లేత్ షాపులో చేయించడం రెండోది. నమూనాతోపాటు అంగుళానికి ఎన్ని త్రెడ్లో కాగితం మీద రాసివ్వండి. రంధ్రం పెద్దది చేసి కొత్త త్రెడ్ కోయించడం చివరి దారి. అది మిషను యజమానిని అడిగి, ఖర్చు ముందే చెప్పి చేయాలి.

కొలిచిన ప్రతి సైజునూ మోడల్ పేరుతో పుస్తకంలో రాసుకోండి. మళ్లీ అలాంటి మిషను వచ్చిన రోజు ఆ ఒక్క వరసే మీ సగం పని చేసిపెడుతుంది.